రంగు చెడకుండా కారు సొట్టలు తీయించడం: తిరుపతి, చిత్తూరు వాహనదారుల చర్చ

నీవా ఒడ్డు (చిత్తూరు)

సభ్యులందరికీ నమస్కారం. మా కారుకు రెండు సొట్టలు పడ్డాయి. ఒకటి బానెట్టు మీద ఉంది. బంగారుపాళ్యం దగ్గర బంధువుల తోటలో చెట్టు నీడన బండి నిలిపినప్పుడు తోతాపురి కాయ రాలి పడడంతో, అరచేతిలో సగమంత వెడల్పున రేకు లోపలికి దిగింది. రంగు మాత్రం ఎక్కడా లేవలేదు. రెండోది ఎడమవైపు వెనక డోరు మీద ఉంది. కల్యాణ మండపం దగ్గర ఎవరిదో మోటారు సైకిలు ఒరిగి, దాని ఫుట్‌రెస్టు గుచ్చుకోవడంతో డోరు నడుమ నుంచి కింది అంచు దాకా గీతలాగా సొట్ట పడింది.

సర్వీసు సెంటరులో చూపిస్తే రెండింటికీ టింకరింగు చేసి, పుట్టీ పెట్టి, ఆ రెండు భాగాలకూ పూర్తిగా పెయింటు వేయాలని అన్నారు. బండి రంగు సిల్వర్. ఒక్క మామిడికాయ దెబ్బకు బానెట్టు రంగంతా గీకేయడం నాకు మనసొప్పడం లేదు. రంగు ముట్టుకోకుండా సొట్ట తీసే పద్ధతి ఉందని విన్నాను. అది నా రెండు సొట్టలకూ పనికి వస్తుందా? ఏ సొట్టకు పనికి వస్తుంది, ఏ సొట్టకు పనికి రాదు అన్నది మనమే చూసి తెలుసుకునే మార్గం ఉందా? అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

రేకుపని (తిరుపతి, రేణిగుంట రోడ్డు)

నీవా ఒడ్డు గారూ, నేను చేసేది ఈ పనే కాబట్టి మొదటి నుంచీ రాస్తాను. ఓపికగా చదవండి.

కారు బయటి రేకు మందం సాధారణంగా 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది ఒక హద్దు వరకే వంగితే, ఒత్తిడి తీయగానే తనంతట తానే వెనక్కి వస్తుంది. హద్దు దాటితే వంగిన చోటే నిలిచిపోతుంది. సొట్టను జాగ్రత్తగా చూస్తే నడుమ ఒక గుంట, దాని చుట్టూ కొద్దిగా పైకి లేచిన గట్టు కనిపిస్తాయి. నిజంగా హద్దు దాటి మారిపోయిన రేకు ఎక్కువగా ఆ గుంటలోనూ ఆ గట్టు దగ్గరే ఉంటుంది. మిగిలిన భాగం తన చోటికి రావాలనే ఒత్తిడితోనే ఉన్నా గట్టు దాన్ని రానివ్వదు. మేము చేసే పనంతా ఆ గట్టును కొద్దికొద్దిగా అణుస్తూ, గుంటను వెనక నుంచి సన్నని కడ్డీతో కొద్దికొద్దిగా లేపుతూ రావడమే. సుత్తితో ఒక్క దెబ్బకు రేకును బయటికి తన్నేస్తే గుంట పోయి గుబ్బ వస్తుంది, దానితోపాటు రంగూ పగులుతుంది.

ఫ్యాక్టరీ రంగును ఎందుకు కాపాడుకోవాలో కూడా చెప్పాలి. ఫ్యాక్టరీలో సీట్లు, వైర్లు, ప్లాస్టిక్కు ఏమీ బిగించకముందే బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, కరెంటు సాయంతో తుప్పును ఆపే మొదటి పూత పట్టిస్తారు. ఆ పూతను 160 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిలో కాలుస్తారు. ఆపైన ప్రైమరు, రంగు, క్లియర్ కోటు (రంగు మీద మెరిసే పారదర్శక పూత) వేసి మళ్లీ 140 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు. అంత వేడిని బిగించిన కారు తట్టుకోలేదు కాబట్టి ఎంత మంచి షెడ్డులోనైనా పెయింటు వేసే గది (బూత్) వేడి 60 నుంచి 80 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. పెయింటరు ఎంత నేర్పరి అయినా, గీకేసిన చోట ఆ ముంచిన పూతను మళ్లీ తెచ్చిపెట్టలేడు. అందుకే పగలని ఫ్యాక్టరీ రంగును పుట్టీ కోసం గీకించుకోవడం ఆఖరి దారి కావాలి కానీ మొదటి దారి కాకూడదని నేను గట్టిగా చెబుతాను.

ఇక మీ బానెట్టు సంగతి. మామిడికాయ గుండ్రంగా, కొంత మెత్తగా ఉంటుంది కాబట్టి అది చేసే సొట్ట చాలావరకు నున్నగానే ఉంటుంది. బానెట్టు తెరిచి, కింద ఉన్న ఫెల్టు షీటు క్లిప్పులు తీస్తే లోపలి ఫ్రేము కనిపిస్తుంది. ఫ్రేములోని ఖాళీల గుండా కడ్డీ పోతుంది. సొట్ట ఖాళీ పైన ఉంటే పని సులువు. ఫ్రేము పట్టీ పైన ఉంటే, పట్టీకీ రేకుకూ నడుమ గమ్ము అతికి ఉంటుంది కాబట్టి బల్లపరుపుగా సాగదీసిన సన్నని కడ్డీని ఆ సందులో దూర్చాలి. ఆ పని నిదానంగా సాగుతుంది, కూలీ కూడా పెరుగుతుంది.

కడ్డీ కొన ఎక్కడుందో కంటికి కనిపించదు. అందుకే సొట్ట ఎదురుగా నలుపు, తెలుపు గీతలున్న లైటు బోర్డు పెట్టి, రేకులో కనిపించే దాని నీడను (ప్రతిబింబాన్ని) మాత్రమే చూస్తూ పని చేస్తాము. కడ్డీని కొద్దిగా కదిపితే నీడలో ఒక గీత ఆవగింజంత మేర వణుకుతుంది, అదే కడ్డీ కొన ఉన్న చోటు. అక్కడి నుంచి కొనను సొట్ట అంచుకు జరిపి నొక్కుతాము. గీతలన్నీ తిన్నగా సాగేదాకా నొక్కడం, పైకి లేచిన చోట నైలాను మొనతో తట్టి అణచడం, మళ్లీ చూడడం. ఇదే వరస.

డోరు విషయంలో మాత్రం మీరు రాసిన దాన్ని బట్టి నాకు నమ్మకం తక్కువగా ఉంది. పదునైన మడత, అందులోనూ అంచు దాకా వెళ్లిన మడత అంటే రేకు సాగి ఉంటుంది. ఫోటో పెట్టగలిగితే ఇంకొంత తేల్చి చెప్పగలను.

పాతషెడ్డు (చిత్తూరు)

రేకుపని తమ్ముడు చెప్పినది సరైనదే. టింకరింగు, పెయింటింగు మీద బతికినవాడిగా నా వైపు మాట కూడా రాస్తాను.

మా కాలంలో సొట్ట అంటే వెనక దిమ్మె పెట్టి ముందు సుత్తితో కొట్టడమే. వెనక చెయ్యి పట్టని చోట రంగు గీకి, వాషర్లు వెల్డింగు చేసి, వాటిని పట్టి లాగి, ఆ తరువాత గ్రైండరుతో నునుపు చేసి పుట్టీ పెట్టేవాళ్లం. రేకుకు వెల్డింగు సెగ తగిలినప్పుడు లోపలివైపు పూత కాలిపోతుంది. అక్కడ మళ్లీ పూత వేయకుండా వదిలేస్తే, బయటి రంగు ఎంత మెరిసినా తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. ఈ కారణం చేత రంగు పగలని చిన్న సొట్టకు గ్రైండరు పెట్టకూడదని నేనూ ఒప్పుకుంటాను.

అయితే పెయింటు మాటే వద్దనే పట్టుదల కూడా మంచిది కాదు. రంగు సన్నగా పగిలి, ఆ పగులు కంటికి ఆనకపోయినా, రేకును వెనక నుంచి నొక్కేటప్పుడు అది విచ్చుకుంటుంది. అప్పుడు రేకు తిన్నగా వచ్చినా రంగు పోయినట్టే. అలాంటి చోట కడ్డీతో వీలైనంత వరకు రేకును తన చోటికి తెప్పించి, మిగిలిన ఏ కొంచెమో పలుచని పుట్టీతో సరిచేసి రంగు వేయడం మేలైన పద్ధతి. పుట్టీ ఎంత పలచగా ఉంటే అంత కాలం నిలుస్తుంది. మందంగా దట్టించిన పుట్టీ ఎండకు, వానకు రేకుతో సమానంగా సాగదు, ముడుచుకోదు. కాలం గడిచేకొద్దీ అంచుల దగ్గర గీత తేలుతుంది. ఈ రెండు పనులూ కలిసి చేసే షెడ్డు దొరికితే యజమానికి లాభం. దురదృష్టం ఏమిటంటే చాలామంది ఒక పని తెలిసినవాళ్లు రెండో పనిని తక్కువ చేసి మాట్లాడతారు.

సిల్వర్ గురించి అడగలేదు కానీ చెబుతున్నాను. మ్యాచింగుకు అన్నిటికన్నా సతాయించే రంగు అదే. అందులోని అల్యూమినియం పొడి ఏ వాలులో కూర్చుంటే ఆ వాలులో వెలుగు తిరగ్గొడుతుంది. గన్ను ప్రెషరు, దూరం కొద్దిగా మారినా పక్క డోరుకూ దీనికీ తేడా తెలుస్తుంది. అందుకే మంచి పెయింటరు పక్క భాగం మీదికి కూడా రంగును కొంత దూరం పలచగా కలిపి తీసుకెళతాడు.

పద్మావతీపురం (తిరుపతి)

అందరికీ నమస్కారం. హెయిర్ డ్రయ్యరుతో సొట్టను వేడి చేసి, వెంటనే గాలి డబ్బాతో చల్లగా కొడితే సొట్ట దానంతట అదే బయటికి వస్తుందని వీడియోల్లో చూపిస్తున్నారు. మరికొందరు మరుగుతున్న నీళ్లు పోస్తున్నారు. మా కారు ముందు బంపరు పక్కన ఒక సొట్ట ఉంది. ఇంట్లో చేసి చూడవచ్చునా? రంగుకు ఏమైనా ప్రమాదం ఉంటుందా? పెద్దలు చెప్పగలరు.

రేకుపని

పద్మావతీపురం మేడమ్ గారూ, బంపరునూ రేకునూ వేరు చేసి చూడాలి. బంపరు ప్లాస్టిక్కుతో చేసినది, చాలా బళ్లకు అది పాలీప్రొపిలీన్ రకం. వేడికి మెత్తబడి తన ఆకారానికి తిరిగి వచ్చే గుణం దానికి ఉంది. బంపరు లోపలికి నొక్కుకుని, మడత పడకుండా, రంగు పగలకుండా ఉంటే వేడినీళ్లు పోసి వెనక నుంచి చేత్తో నెట్టడం వల్ల చాలాసార్లు సరి అవుతుంది. చేతులు కాలకుండా మందపాటి తొడుగులు వేసుకోండి. మడత పడిన చోట తెల్లగా ఒక గీత తేలి ఉంటే అది మాత్రం పోదు.

రేకుకు ఇది వర్తించదు. వేడి చేసి చల్లార్చడం వల్ల రేకులో వచ్చే కదలిక చాలా తక్కువ. సొట్ట విశాలంగా, లోతు లేకుండా, గట్టు లేకుండా ఉంటే అది ఎలాగూ బయటికి రావాలనే చూస్తుంటుంది కాబట్టి చిన్న కదలిక కూడా దాన్ని బయటికి నెట్టవచ్చు. వీడియోల్లో చూపించేవి అలాంటి సొట్టలే. కాయ తగిలిన గుంట, డోరు తగిలిన గుంట ఈ పద్ధతికి లొంగవు. హీట్ గన్ను వాడితే వేడి అదుపు తప్పి క్లియర్ కోటు పొంగే ప్రమాదం ఉంది. ఆ పని ఇంట్లో చేయవద్దని నా విన్నపం.

మైక్రాన్ (తిరుపతి, ఎయిర్ బైపాస్ రోడ్డు)

నాది పాత కార్లు పరిశీలించే పని. ఈ చర్చలో రాని ఒక సంగతిని జోడిస్తాను. కొనుగోలుదారు బండి తీసుకోవడానికి ముందు మేము రంగు మందం కొలిచే మీటరు పెడతాము. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నడుమ చూపిస్తుంది. 200 దాటితే ఆ భాగానికి మళ్లీ రంగు పడిందని అనుమానిస్తాము. 500 దాటితే కింద పుట్టీ ఉందని దాదాపుగా తేల్చుకుంటాము. ఒక్కొక్కప్పుడు మీటరు 1000 కూడా దాటుతుంది.

ఇక్కడ అమ్మేవారికి అన్యాయం జరిగే చోటు ఒకటుంది. యజమాని చిన్న సొట్టకే బానెట్టుకు రంగు వేయించి ఉండవచ్చు. అయినా మీటరు 300 చూపగానే కొనేవారికి పెద్ద ప్రమాదం జరిగిందేమోననే భయం పుడుతుంది, బేరం అక్కడే కిందికి దిగుతుంది. రంగు ముట్టుకోకుండా తీసిన సొట్టకు మీటరు ఫ్యాక్టరీ అంకెనే చూపిస్తుంది. నీవా ఒడ్డు గారు ఎప్పటికైనా బండి అమ్మేటట్టయితే బానెట్టు విషయంలో ఈ లెక్క కూడా చూసుకోవాలి. డోరుకు రంగు తప్పనిసరి అయితే, వేయించక ముందు తీసిన ఫోటోలనూ బిల్లునూ దాచిపెట్టుకోండి. కొనేవారికి వాటిని చూపిస్తే సగం అనుమానాలు తీరిపోతాయి.

బంపరు మీద ఈ మీటరు పనిచేయదు. దానికి కింద లోహం ఉండాలి.

పాలసీ పత్రం (తిరుపతి)

ఇన్సూరెన్సు వైపు నుంచి కొన్ని మాటలు రాస్తాను. ఇలాంటి చిన్న పనికి క్లెయిము పెట్టడం చాలామందికి నష్టమే తెస్తుంది. కారణం నో క్లెయిమ్ బోనస్. ఒక్క క్లెయిమూ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి ఓన్ డామేజి ప్రీమియంలో (మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగంలో) తగ్గింపు మొదటి ఏడు తరువాత 20 శాతం, ఆపై వరుసగా 25, 35, 45, 50 శాతం దాకా పెరుగుతుంది. ఒక క్లెయిము పెడితే తదుపరి రెన్యువల్‌లో అది సున్నాకు దిగి, మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలవుతుంది.

ఉదాహరణకు బోనస్ 50 శాతానికి చేరిన బండికి బోనస్ తీసివేయక ముందు ఓన్ డామేజి ప్రీమియం 10,000 రూపాయలు అనుకుందాం. క్లెయిము పెట్టిన తరువాత మొదటి ఏడు 5,000, రెండో ఏడు 3,000, మూడో ఏడు 2,500, నాలుగో ఏడు 1,500, ఐదో ఏడు 500 రూపాయలు అదనంగా కట్టాలి. ప్రీమియం మారలేదనుకుంటే మొత్తం 12,500 రూపాయలు చేతి నుంచి పోతాయి. ప్రీమియం ఏటా కొంత తగ్గుతుంది కాబట్టి అసలు అంకె ఇంతకన్నా తక్కువ ఉండవచ్చు, అయినా లెక్క తీరు ఇదే. దీనితోపాటు 1500 సీసీ వరకు ఉన్న కారుకు ప్రతి క్లెయిములోనూ 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000 రూపాయలు తప్పనిసరిగా యజమాని భరించాలి. జీరో డిప్రిసియేషన్ (సామాను పాతబడిందని కోత వేయని సదుపాయం) లేని పాలసీలో పెయింటు సామాను ఖర్చుపై 50 శాతం కోత ఉంటుంది. బిల్లులో సామాను, కూలీ విడివిడిగా రాయకపోతే మొత్తం పెయింటు బిల్లులో 25 శాతాన్ని సామానుగా లెక్కించి ఆ కోత వేస్తారు.

బోనస్ కాపాడే యాడ్ ఆన్ తీసుకున్నవారికి లెక్క వేరు. పాలసీ కాగితం ఒకసారి తీసి చూసుకోండి. బానెట్టుకు మీరు సొంతంగా పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. డోరు ఖర్చు ఎంత చెబుతారో చూసి, పైన చెప్పిన లెక్కతో పోల్చుకున్నాక నిర్ణయించుకోండి.

అలిపిరి దారి (తిరుపతి)

మాది వేరే రకం సొట్ట. తిరుమలలో పార్కింగు చేసి దర్శనానికి వెళ్లి వచ్చేసరికి కారు రూఫు నడుమ వెడల్పుగా లోపలికి దిగి ఉంది. చెట్టు మీది నుంచి కోతులు దూకి ఉంటాయని పక్కనున్న డ్రైవర్లు చెప్పారు. వేలితో నొక్కితే రేకు టప్పుమని లోపలికి పోతుంది, వదిలితే సగం బయటికి వస్తుంది. ఇది తీయించగలమా? రూఫు లోపలి గుడ్డ అంతా ఊడదీయాలంటున్నారు, దానికి భయపడుతున్నాను.

రేకుపని

అలిపిరి దారి గారూ, రేకు టప్పుమని లోపలికీ బయటికీ ఆడుతున్నదంటే అక్కడ రేకు కొద్దిగా సాగి, తనకున్న చోటులో ఇమడలేక ఆడుతున్నదని అర్థం. ఇది తీయదగినదే కానీ సులువైనది కాదు. చుట్టూ ఎక్కడ ఒత్తిడి పట్టుకుని ఉందో వెతికి, దాన్ని వదిలించుకుంటూ రావాలి. తొందరపడి నడుమనే నొక్కితే ఆట పెరుగుతుందే గానీ తగ్గదు.

లోపలి లైనింగు విషయంలో మీ భయం సబబే. రూఫు పక్క అంచుల వెంబడి కర్టెన్ ఎయిర్ బ్యాగులున్న బండి అయితే, బ్యాటరీ తీసి, కంపెనీ మాన్యువల్లో చెప్పినంత సేపు ఆగి, ఆ పని తెలిసినవారి చేతనే లైనింగు దించించాలి. మొత్తం ఊడదీయకుండా వెనక వైపు కొంత దించి పని చేయగల చోట్లు కూడా ఉంటాయి. వెనక నుంచి దారి దొరకని చోట బయటి నుంచి వేడితో కరిగించిన గమ్ముతో బిళ్లలు అతికించి లాగుతాము. పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాలు చుక్కలు వేస్తే గమ్ము రంగుకు హాని లేకుండా వదిలిపోతుంది.

ఆ గమ్ము గురించి మన ఊరివారు తప్పక తెలుసుకోవలసిన ఒక మాట ఉంది. తిరుపతి ఎండలో నిలిపిన బండి రేకు మీద ఆ గమ్ము గట్టిపడదు, లాగేలోపే జారిపోతుంది. మే నెలలో ఈ పని నీడలో, రేకు చల్లబడిన తరువాత, వేసవికి తగిన గమ్ముతోనే చేయాలి. ఎండలో రోడ్డు పక్కన నిలబెట్టి లాగుతామనేవారికి బండి అప్పగించకండి. ఇంతకు ముందు రంగు వేయించిన భాగం మీద గమ్ము పెట్టాలంటే ఆ సంగతి ముందుగానే చెప్పండి. సరిగా పట్టని పాత పెయింటు బిళ్లతోపాటు ఊడి వచ్చేస్తుంది. కింద పుట్టీ ఉంటే అది కూడా పెచ్చులుగా లేస్తుంది. సిరామిక్ కోటింగు ఉన్న చోట గమ్ము సరిగా అతకదు. రంగు మీద రక్షణ ఫిలిం వేయించిన చోట లాగినప్పుడు ఫిలిం కూడా లేచిపోవచ్చు.

కుప్పం దారి

మాది అల్యూమినియం బానెట్టు అని సర్వీసు సెంటరువారు చెప్పారు. ఇదే పద్ధతి దానికీ పనికి వస్తుందా?

రేకుపని

వస్తుంది. అయస్కాంతం అంటకపోతే అల్యూమినియమే అని మీరే రూఢి చేసుకోవచ్చు. ఉక్కు రేకు తన పాత ఆకారానికి వెళ్లడానికి మొగ్గు చూపినంతగా అల్యూమినియం చూపదు. నొక్కిన ప్రతిసారీ అది గట్టిపడుతుంది, ఎక్కువసార్లు నొక్కితే పగిలే ప్రమాదమూ ఉంది. అందుకే కొద్దిగా వెచ్చచేసి, తక్కువ నొక్కులతో పని ముగించాలి. కూలీ ఎక్కువ అడగడం న్యాయమే. అల్యూమినియం మీద ఇదివరకు పని చేశారా అని ముందే అడిగి తెలుసుకోండి.

నీవా ఒడ్డు

అందరికీ కృతజ్ఞతలు. రేకుపని గారు చెప్పిన లైటు బోర్డు తీరులోనే రాత్రి పూట ఇంటి ముందు ట్యూబులైటు కింద బండి నిలిపి, వంగి, రేకులో ట్యూబులైటు నీడను చూశాను. బానెట్టు మీద ఆ నీడ సొట్ట దగ్గర విల్లులాగా వంగి, మళ్లీ నున్నగా తిన్నబడుతోంది. ఎక్కడా విరగలేదు. డోరు మీద మాత్రం మడత దగ్గర నీడ రెండు ముక్కలుగా విరిగింది. కింది అంచు దగ్గర గోరుతో తాకితే గోరు పట్టుకుంటోంది. సెల్‌ఫోను లైటు వాలుగా పెట్టి చూస్తే వెంట్రుక కన్నా సన్నని పగులు కనిపించింది. అంటే బానెట్టుకు కడ్డీ పని, డోరుకు రంగు అని నేను తేల్చుకున్నాను. ఇది సరైన నిర్ణయమేనా?

మరొక ప్రశ్న. తిరుపతిలో ఒకచోట ఫోనులో విచారిస్తే, డోరు సందులో చిన్న రంధ్రం వేసి అందులోంచి కడ్డీ పంపి సొట్ట తీస్తామని, రంధ్రానికి రబ్బరు బిరడా పెడతామని అన్నారు. ఇది ఒప్పుకోదగినదేనా?

రేకుపని

ఒప్పుకోవద్దు. ఈ మాట మొహమాటం లేకుండా చెబుతున్నాను. డోరులోకి వెళ్లడానికి కంపెనీ వదిలిన దారులే చాలా ఉన్నాయి. అద్దం దించి, అద్దానికి రక్షణగా పల్చని ప్లేటు జొనిపి, పై సందులోంచి కడ్డీ పంపవచ్చు. అడుగున నీళ్లు కారిపోయే రంధ్రాలున్నాయి. లోపలి ట్రిమ్ము తీస్తే పెద్ద ఖాళీలు కనిపిస్తాయి. డోరు లోపల అడ్డంగా ఉండే బలమైన ఉక్కు దండె ఉన్న చోటే సొట్ట పడితే కొంత ఇబ్బంది కలుగుతుంది. అప్పుడు బయటి నుంచి గమ్ము పద్ధతి ఉంది. డ్రిల్లు వేసినప్పుడు ముంచిన పూత తెగి, పచ్చి ఉక్కు గాలికి తెరుచుకుంటుంది. బిరడా చుట్టూ నీరు నిలిచి అక్కడే తుప్పు మొదలవుతుంది. డ్రిల్లు వేయడంలో లాభం ఒక్కటే, పని త్వరగా అవుతుంది. ఆ త్వర పనివాడికే గానీ మీకు దక్కదు. బండి అప్పగించే ముందే రంధ్రాలు వేయకూడదని రాయించుకోండి.

మీరు తేల్చుకున్నది సరైనదే. బానెట్టును తిరిగి తీసుకునేటప్పుడు షెడ్డు లోపలి లైట్లలో కాకుండా పగటి వెలుగులోకి తెప్పించి, ఏదైనా తిన్నని వస్తువు నీడ, అంటే కరెంటు తీగ లేదా కిటికీ ఊచల నీడ, రేకులో ఎలా పడుతోందో నాలుగు వైపుల నుంచీ చూడండి. చేతి వేళ్ల కన్నా అరచేయి ఎత్తుపల్లాలను బాగా పట్టిస్తుంది. పలుచని గుడ్డ మీదుగా అరచేయి జరిపితే ఇంకా బాగా తెలుస్తుంది. బానెట్టు తెరిపించి, కడ్డీ ఆనిన చోట లోపలి పూత గీసుకుపోయిందేమో చూడండి. గీసుకుపోతే అక్కడ తుప్పు రాకుండా మైనపు స్ప్రే కొట్టించండి, దానికి పెద్ద ఖర్చు కాదు. ఫెల్టు క్లిప్పులు అన్నీ తిరిగి బిగించారో లేదో కూడా చూసుకోండి.

పాతషెడ్డు

డోరు గురించి నేను చెబుతాను. పెయింటుకు ఇచ్చే ముందు దాన్ని తమ్ముడి లాంటి వాడి చేత కడ్డీతో వీలైనంత సరిచేయించి, ఆ తరువాత పెయింటరుకు ఇవ్వండి. అప్పుడు గ్రైండరు అవసరం పగులు ఉన్న చోటికే పరిమితమవుతుంది, పుట్టీ గోరంత మందం కూడా పట్టదు. పగిలిన చోట పచ్చి రేకు బయటపడితే దాని మీద ముందుగా తుప్పును ఆపే ఎపాక్సీ ప్రైమరు వేయమని అడగండి. నేరుగా పుట్టీ పెట్టేవాళ్లు ఉన్నారు, అది పద్ధతి కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది డోరు కింది అంచు. బయటి రేకును లోపలి రేకు మీదికి మడిచి అక్కడ కుట్టుగా నొక్కి ఉంటారు, మడత లోపల సీలరు (నీళ్లు చొరకుండా సందును మూసే పదార్థం) ఉంటుంది. మీ సొట్ట ఆ మడత దాకా వెళ్లింది కాబట్టి సీలరు విడిపోయి ఉండవచ్చు. నీళ్లు చేరేది ముందుగా అక్కడే. పెయింటు అయిన తరువాత ఆ అంచు పొడవునా కొత్త సీలరు లాగమని, అడుగున నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూడమని చెప్పండి. రంగు వేసిన కొన్ని వారాల దాకా మైనపు పాలిషు పెట్టవద్దు, లోపలి సాల్వెంటు పూర్తిగా ఆరాలి. కారు కడిగినా మెత్తని గుడ్డతో మంచినీళ్లు చాలు.

నీవా ఒడ్డు

అన్నా, సీలరు సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. బానెట్టు, డోరు కడ్డీ పనికి ముందుగా తిరుపతికి తీసుకువెళ్లి, డోరు పెయింటు చిత్తూరులోనే వేయిస్తాను. రంధ్రాలు వేయకూడదు, ఎపాక్సీ ప్రైమరు వేయాలి, అంచుకు సీలరు లాగాలి అనే మూడు షరతులనూ ఎస్టిమేటు కాగితం మీదే రాయించుకుని సంతకం తీసుకుంటాను. పని ముందు, తరువాత ఫోటోలను ఇక్కడే పెడతాను.